ఏ నిజం కావాలి? వీడియో గేముల సంగతి, గడ్డి నుంచి బొబ్బిలి కోట దాకా

బీజీఎంఐ (మన దేశంలో పబ్‌జీ కొత్త పేరు, ఫోన్లో ఆడే కాల్పుల ఆట) బాగా ఆడే కుర్రాడి ఫోన్ తీసుకుని ఒకసారి సెట్టింగ్స్ చూడండి. గ్రాఫిక్స్ దగ్గర కింది మెట్టు ‘స్మూత్’ పెట్టి ఉంటుంది. నీడలు ఆపేసి ఉంటాయి. ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల లెక్క మాత్రం ఫోన్ తట్టుకున్నంత పైకి లాగి ఉంటుంది. కంపెనీ అంతమంది చేత గీయించిన ఆకులు, నీళ్ల మీద మెరుపు, ఎండ పడిన గోడలు, అన్నిటినీ వాడు ఒక్క వేలితో పక్కన పెట్టేస్తాడు. ఎందుకురా అలా అని విజయనగరంలో మా మేనల్లుణ్ని అడిగితే, “ఆ సోకులన్నీ ఎట్టుకుంటే ఫోను కాలిపోద్ది మావయ్యా, ఈలోపు ఎదుటోడు ఏసేస్తాడు” అన్నాడు.

గడ్డి సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. మీరు గడ్డిలో బోర్లా పడుకుని దాక్కున్నాననుకుంటారు. మీ తెర మీద గడ్డి గుబురుగా ఉంది. దూరం నుంచి తుపాకీ స్కోపులో చూసేవాడి తెర మీద ఆ గడ్డే లేదు, బోసి నేల మీద పడుకున్న మనిషి ఉన్నాడు. ఎంత దూరం ఉన్న గడ్డినైనా పరక పరకా గీయమంటే ఫోన్ చతికిలబడుతుంది కాబట్టి, కొంత దూరం దాటాక గీయడం మానేస్తారు. దగ్గర్లో ఉన్నవాడికి అందంగా కనిపించిన నిజమే ఇక్కడ మిమ్మల్ని చంపింది.

గేములు ఇంకా నిజంలా తయారవ్వాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా నాకు ఈ గడ్డే గుర్తొస్తుంది. ఆ ప్రశ్న అడిగేవాళ్లు ఏదో ఒకే మీట ఉన్నట్టు, దాన్ని ఇటు తిప్పాలా అటు తిప్పాలా అన్నట్టు మాట్లాడతారు. కంటికి కనిపించే నిజం వేరు. బంతి ఎగరడంలో, మనిషి పరిగెత్తడంలో ఉండే నిజం వేరు. దూరం, సమయం, అలసట ఉన్నాయి. చేసిన పనికి ఫలితం అనుభవించాలన్న నిజం మరొకటి. ఒకటి పెంచితే తరచూ ఇంకోటి దెబ్బతింటుంది. కంపెనీలు ఊదరగొట్టేది మొదటి దాని గురించే. నా లెక్కలో దాని మీద పెట్టాల్సిన ఖర్చు ఎప్పుడో దాటిపోయింది. మిగతావాటి మీద పెట్టింది ఇంకా చాలా తక్కువ.

ముందు కంటి సంగతే చూద్దాం, ఎందుకంటే డబ్బంతా పోతున్నది అక్కడే. 1972లో వచ్చిన పాంగ్‌లో రెండు గీతలు, ఒక చుక్క. టేబుల్ టెన్నిస్ అన్నారు, జనం నమ్మి ఆడారు. 1993లో డూమ్ వచ్చేసరికి నడవాలు, మలుపులు, చీకటి మూలలు వచ్చాయి. మన ఊళ్లలో చాలామందికి ఈ చరిత్ర మొదలైంది నెట్ సెంటర్లో. గంటకింత అని కట్టి, అరిగిపోయిన కీబోర్డు మీద రోడ్ రాష్, కౌంటర్ స్ట్రైక్, వైస్ సిటీ ఆడిన తరం అది. వైస్ సిటీలో మనుషుల చేతివేళ్లు అతుక్కుపోయి ఉంటాయి, మొహాలు చెక్కతో చేసినట్టుంటాయి. ఆ రోజుల్లో ఎవరూ అది లోపం అనుకోలేదు.

ఆటలో బొమ్మ నిజంగా కనిపించడం ఎందుకంత కష్టమో తెలియాలంటే ఒక చిన్న లెక్క చాలు. సెకనుకు 60 బొమ్మలు తెర మీద మారితే ఆట సాఫీగా సాగుతుంది. అంటే ఒక్కో బొమ్మ గీయడానికి యంత్రానికి దొరికే సమయం దాదాపు 16 మిల్లీసెకన్లు. 4కె తెర అయితే ఒక్కో బొమ్మలో 83 లక్షల చుక్కలకు దగ్గర దగ్గరగా ఉంటాయి. సినిమాల యానిమేషన్లో ఒక్క ఫ్రేముకి కంప్యూటర్లు గంటల తరబడి పనిచేయొచ్చు, అక్కడ అడిగేవాడు లేడు. ఆటలో అలా కుదరదు, మీరు ఎడమకి తిరిగారంటే ఆ క్షణానే ఎడమవైపు లోకం సిద్ధంగా ఉండాలి.

అన్నిటికన్నా ఖరీదైనది వెలుగు. కిటికీలోంచి వచ్చిన ఎండ ఎర్ర గచ్చు మీద పడి, అక్కణ్నుంచి చిమ్మి తెల్లగోడకి కొంచెం ఎరుపు పూస్తుంది. ఇంట్లో రోజూ చూసేదే, పట్టించుకోం. ఆటలో ఇది రాకపోతే మాత్రం ఏదో తేడాగా ఉందని కన్ను పట్టేస్తుంది. పాత పద్ధతిలో ఈ వెలుగునంతా ముందే లెక్కగట్టి గోడలకి రంగులా పూసేసేవారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, దీపం పగలగొడితే గోడ మీద వెలుగు మాత్రం అలాగే మిగిలిపోతుంది. 2018లో ఎన్విడియా కంపెనీ ఆర్‌టీఎక్స్ కార్డులు (కంప్యూటర్లో బొమ్మలు గీసే భాగాలు) వచ్చాక, వెలుగు కిరణం ఎటు పోయి దేనికి తగిలిందో ఆట నడుస్తుండగానే లెక్కగట్టే రే ట్రేసింగ్ మామూలు ఇంటి కంప్యూటర్లోకి దిగింది.

అయినా 16 మిల్లీసెకన్లలో లెక్కగట్టగలిగే కిరణాలు కొన్నే. కాబట్టి బొమ్మ మొదట ఇసుక చల్లినట్టు మచ్చలు మచ్చలుగా వస్తుంది. ఆ మచ్చల మధ్య ఏముండాలో యంత్రమే ఊహించి పూడుస్తుంది. చిన్న సైజులో గీసి పెద్దది చేసేటప్పుడు కొత్త చుక్కల్నీ అలాగే ఊహిస్తుంది. 2025లో వచ్చిన కార్డులైతే ఒక బొమ్మ గీసి, దాని వెనక మూడు బొమ్మల దాకా ఊహించి నింపగలవు. నిజానికి దగ్గరగా అని డబ్బు పెట్టి కొన్న బొమ్మలో నాలుగింట మూడు ఫ్రేములు యంత్రం అల్లినవి కావచ్చన్నమాట. నాకు ఇందులో తప్పేం కనిపించదు, కానీ నిజం అన్న మాటని ఇక్కడ కాస్త జాగ్రత్తగా వాడాలి.

ఈ ఖర్చు చివరికి ఎవరి మీద పడుతోంది? జీటీఏ వరుసే తీసుకోండి. మూడోది 2001లో, వైస్ సిటీ 2002లో, శాన్ ఆండ్రియాస్ 2004లో వచ్చాయి. నాలుగోది 2008, ఐదోది 2013. ఆ తర్వాత ఆరోది ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటంలోనే పన్నెండేళ్లు దాటిపోయాయి. ఇంటర్మీడియట్‌లో ఉండగా ఐదోది ఆడినవాడు ఈపాటికి పిల్లల తండ్రి అయి ఉంటాడు. 2023లో అమెరికా కోర్టులో సోనీ దాఖలు చేసిన కాగితాల్లో సరిగ్గా చెరపని అంకెలు బయటపడ్డాయి. ద లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి దాదాపు 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌కి 21 కోట్ల పైచిలుకు. ఒక్కో ఆటకి రూపాయల్లో పదిహేను వందల కోట్లు దాటింది. అంత పెట్టినవాడు కొత్త ప్రయోగం చేయడు. నిరుడు ఆడిన ఆటనే ఇంకాస్త మెరుగుపెట్టి మళ్లీ అమ్ముతాడు.

మరోవైపు స్టార్‌డ్యూ వ్యాలీ అని ఒక సేద్యం ఆట ఉంది. ఎరిక్ బరోన్ అనే ఒక్కడు బొమ్మలు, సంగీతం, కథ, కోడు అన్నీ తనే చేసి 2016లో విడుదల చేశాడు. చుక్కల చుక్కల బొమ్మలు, పాతకాలం వాలకం. 2024 చివరికి 4 కోట్లకు పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఇటుకల్లాంటి దిమ్మెలతో లోకం కట్టుకునే మైన్‌క్రాఫ్ట్ 2023కే 30 కోట్లు దాటింది. కంటికి నిజంగా కనిపించడం అమ్మకానికి తప్పనిసరి అనేవాళ్లు ఈ రెంటికీ ఏం జవాబు చెప్తారో తెలుసుకోవాలని ఉంటుంది.

మొహాల విషయంలో ఇంకో చిక్కు ఉంది. జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే చెప్పాడు: బొమ్మ మనిషిని పోలేకొద్దీ మనకి ఇష్టం పెరుగుతూ పోతుంది, దాదాపు మనిషే అనిపించే చోటికి వచ్చేసరికి మాత్రం ఒక్కసారిగా జుగుప్స పుడుతుంది. ప్రాణం లేని కళ్లు, నవ్వుతో కలవని బుగ్గలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. 2011లో ఎల్.ఎ. న్వార్ అనే పోలీసు ఆటలో నటుల చుట్టూ 32 కెమెరాలు పెట్టి మొహాల్ని పట్టారు. అబద్ధమాడుతున్న సాక్షి కళ్లు తిప్పడం, గుటకలు మింగడం చూసి ఆటగాడు తేల్చుకోవాలి. మొహాలు అద్భుతం, ఒళ్లు మాత్రం వేరుగా పట్టిన కదలిక. దాంతో ఒకరి తల ఇంకొకరి మెడ మీద పెట్టినట్టుంటుంది చాలా చోట్ల. కార్టూన్ బొమ్మకి ఈ బాధ లేదు. దాన్నుంచి ఎవరూ మనిషి నిజం ఆశించరు.

ఇక ఆట నడిచే తీరు సంగతి. ఇక్కడ క్రికెట్ కన్నా మంచి ఉదాహరణ దొరకదు, అందులోనూ మనవాళ్లకి. 2006 చివర్లో వచ్చిన ఈఏ క్రికెట్ 07కి ఇప్పటికీ అభిమానులు కొత్త జెర్సీలు, కొత్త జట్లు తయారు చేసి ఎక్కిస్తూనే ఉన్నారు. ఫోన్లలో చెన్నైలో తయారైన వరల్డ్ క్రికెట్ చాంపియన్‌షిప్ ఆడని కుర్రాడు అరుదు. ఈ ఆటలు చాలావాటిలో బౌలర్ పరుగు మొదలెట్టగానే బంతి ఎక్కడ పడబోతోందో పిచ్ మీద ఒక గుర్తు కనిపిస్తుంది. నిజం క్రికెట్‌లో అలాంటి గుర్తు ఎక్కడుంది? పచ్చి మోసం కదా అనిపిస్తుంది.

లెక్క చూస్తే సంగతి వేరుగా తేలుతుంది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి బౌలర్ చెయ్యి వదిలాక బ్యాటు దాకా రావడానికి అర సెకను పడుతుంది. మైదానంలో బ్యాట్స్‌మన్ బంతిని మాత్రమే చూడడు. పరుగులో వేగం, భుజం వాలు, మణికట్టు తిప్పడం, వేళ్లు సీమ్ మీద ఎలా ఉన్నాయి, ఇవన్నీ ఏళ్ల తరబడి చూసి చూసి ఒంటికి పట్టించుకున్న వివరాలు. బంతి చెయ్యి దాటే లోపలే సగం సంగతి ఆయనకి తెలిసిపోతుంది. ఆరంగుళాల తెర మీద మణికట్టు ఎక్కడ కనిపిస్తుంది? కాబట్టి ఉన్నదున్నట్టు చూపిస్తే ఆటగాడు ప్రతి బంతికీ గుడ్డిగా బ్యాటు ఊపుతాడు, అది క్రికెట్ కాదు. ఆ గుర్తు అబద్ధమే. కానీ బ్యాట్స్‌మన్‌కి ముందే తెలిసే సమాచారాన్ని ఇంకో దారిలో ఆటగాడికి అందిస్తుంది. బొమ్మలో అబద్ధం పెట్టి అనుభవంలో నిజం రాబట్టారు. ఆటలు తయారు చేసేవాళ్ల అసలు పనితనం ఇలాంటి చోట్లే ఉంటుంది, వెంట్రుకలు విడివిడిగా ఊగించడంలో కాదు.

ఇలాంటి ఉపకార అబద్ధాలు గేముల నిండా ఉన్నాయి. గట్టు అంచు దాటి గాల్లోకి అడుగేశాక కూడా సెకనులో చిన్న ముక్క సేపు ఎగరనిచ్చే ఆటలున్నాయి. 2018లో వచ్చిన సెలెస్ట్ అందులో పేరున్నది. అలా ఇవ్వకపోతే “నేను నొక్కాను, అది ఎగరలేదు” అని ఆటగాడు తిట్టుకుంటాడు. సివిలైజేషన్ ఆటల సృష్టికర్త సిడ్ మైయర్ 2010లో ఒక సభలో ఇంకా విచిత్రమైన సంగతి చెప్పాడు. యుద్ధంలో మీ బలం మూడు, ఎదుటివాడి బలం ఒకటి అని చూపిస్తే నాలుగుసార్లలో ఒకసారి ఓడటం లెక్క ప్రకారం న్యాయమే. ఆటగాళ్లు మాత్రం ఓడిన ప్రతిసారీ ఆట మోసం చేసిందన్నారు. చివరికి లెక్కనే కాస్త వాళ్ల వైపు మొగ్గించాల్సి వచ్చింది. ఉన్న నిజం మనకి ఎప్పుడూ నిజంలా అనిపించదు.

సమయం, దూరం విషయానికి వస్తే, పూర్తి నిజం ఎలా ఉంటుందో 1995లోనే చేసి చూపించారు. డెజర్ట్ బస్ అని ఒక ఆట. అమెరికాలో టూసన్ నుంచి లాస్ వేగస్ దాకా ఎడారిలో బస్సు నడపాలి. ప్రయాణం నిజంగానే 8 గంటలు. మధ్యలో ఆపడానికి లేదు. బస్సు కొంచెం కుడికి లాగుతుంటుంది కాబట్టి స్టీరింగ్ వదిలేసి కాఫీకి వెళ్లడానికి లేదు. చేరితే ఒక్క పాయింటు, ఆపైన తిరుగు ప్రయాణం. గేముల్లో నిజం లేదని గోల చేసేవాళ్లని వెక్కిరించడానికి పెన్, టెల్లర్ అనే ఇంద్రజాలికుల జంట చేయించిన ఆట ఇది. అప్పట్లో విడుదల కాలేదు. 2007 నుంచి కొందరు దీన్నే రోజుల తరబడి ఆడుతూ పిల్లల కోసం విరాళాలు పోగుచేస్తున్నారు. ఆ ఆట పుణ్యానికి తప్ప దేనికీ పనికిరాదని దీన్నిబట్టి చెప్పొచ్చు.

యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో లారీ మీటలన్నీ పద్ధతిగా ఉంటాయి, దూరాలు మాత్రం 19 వంతుల్లో ఒక వంతుకి కుదించారు. ఆ లెక్కన విశాఖ నుంచి శ్రీకాకుళం దాకా ఉన్న 110 కిలోమీటర్ల హైవే ఆరు కిలోమీటర్ల లోపే అయిపోతుంది. అందులో ఆనందపురం ఒక మలుపు, రణస్థలం ఒక దుకాణాల వరుస. ఇష్టపడి ఆడేవాళ్లు ఆ కుదింపుని మోసం అనుకోరు. మలుపులో గేరు మార్చడం నిజంగా ఉంటే చాలు వాళ్లకి.

మన జిల్లాల్లో కుర్రాళ్లు ఎగబడి ఆడే బస్సు ఆట ఇంకోటి ఉంది, బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా. పేరులోనే ఉంది, రోడ్లు అక్కడివి. బస్సుకి మనకి కావలసిన రంగులు వేసుకోవచ్చు కాబట్టి దానికి ఆర్టీసీ రంగులు పూసేశారు. ఇండోనేషియా కొబ్బరిచెట్ల మధ్య పల్లెవెలుగు పోతుంటుంది, చూడ్డానికి మహా ముచ్చటగా ఉంటుంది. గ్రాఫిక్స్ అంతంతమాత్రం. పాలకొండ నుంచి విశాఖ వెళ్లే బస్సు ఎక్కినవాడెవడైనా చెప్తాడు, ఆ ప్రయాణంలో నిజం ఎక్కడుంటుందో. చిల్లర దగ్గర గొడవ, సీటు మీద తువ్వాలు వేసి పట్టుకోవడం, చెయ్యెత్తిన ముసలమ్మ కోసం స్టాపు కాని చోట ఆపాలా వద్దా అన్న తటపటాయింపు. ఇవేవీ గీయడానికి రే ట్రేసింగ్ అక్కర్లేదు, నియమాలుగా రాస్తే చాలు. ఇలాంటి నిజం పెంచుతామని ఎవరైనా అంటే నేను రెండు చేతులూ ఎత్తుతాను.

పూర్తి నిజం అక్కరకొచ్చే చోటు ఒకటుంది, ఆట కాస్తా తర్ఫీదు అయినప్పుడు. విమానం పైలట్లు అసలు విమానం ఎక్కకముందు గంటల కొద్దీ సిమ్యులేటర్లో కూర్చుంటారు. రైలు డ్రైవర్లకీ అలాంటి యంత్రాలున్నాయి. బ్రిటన్‌కి చెందిన జాన్ మార్డెన్‌బరో 2011లో గ్రాన్ టురిస్మో ఆటలో నెగ్గి, అక్కణ్నుంచి నిజం రేసు కార్లు నడిపేదాకా వెళ్లాడు. టైరు ఎక్కడ జారుతుంది, బ్రేకు ఎప్పుడు వేయాలి అన్న లెక్క ఆటలో సరిగ్గా ఉంది కాబట్టి అది ఒంటికి పట్టింది. అక్కడా పనికొచ్చింది కారు నడిచే తీరులోని నిజమే, కారు మెరుపు కాదు.

ఇళ్లలో అమ్మానాన్నలకి టెన్షన్ మాత్రం రక్తం గురించి. బొమ్మ నిజంలా అయ్యేకొద్దీ పిల్లాడు రాక్షసుడైపోతాడేమోనని. 2020 సెప్టెంబరులో పబ్‌జీ మొబైల్‌ని ప్రభుత్వం నిషేధించింది డేటా, భద్రత కారణాలతో. 2021 జులైలో బీజీఎంఐగా తిరిగొచ్చినప్పుడు రక్తం ఆకుపచ్చ అయింది, ‘చంపాడు’ అన్న మాట పోయి ‘ముగించాడు’ వచ్చింది, 18 ఏళ్ల లోపువాళ్లకి రోజుకి మూడు గంటల హద్దు పెట్టారు. కావాలని నిజాన్ని తగ్గించిన సందర్భం అది. ఆటల వల్లే హింస పుడుతుందని చెప్పడం శాస్త్రీయంగా నిలబడదని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తల సంఘం 2020లో తీర్మానించింది. అరవడం, తోసుకోవడం లాంటి చిన్న దూకుడుతో కొద్దిపాటి సంబంధం కనిపిస్తోందనీ అదే తీర్మానంలో ఉంది. నాకు ఆ రెండూ కలిపి చదవడమే సబబు అనిపిస్తుంది.

రక్తం రంగు చూసి భయపడే ఇళ్లలోనే మరో ప్రమాదం కళ్లెదుట తిరిగింది. ఏ గ్రాఫిక్సూ లేని పేకముక్కల బొమ్మలు, రంగుల చక్రాలు. వాటిలో నిజమైనది ఒక్కటే, రూపాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ లాంటివాటిని ఆపాలని చూసింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పులపాలు చేసిన ఆటల్లో ఒక్కదానికీ మంచి గ్రాఫిక్ కార్డు అవసరం పడలేదు.

కంటి నిజం వల్ల అసలు హాని ఆట బయట జరుగుతోంది. 2013లో వచ్చిన ఆర్మా 3 అనే యుద్ధం ఆట దృశ్యాలు యుక్రెయిన్ యుద్ధం వీడియోలుగా తిరిగాయి. ఎంతగా అంటే, దాన్ని తయారుచేసిన బొహీమియా కంపెనీ 2022 నవంబరులో నకిలీని ఎలా పట్టుకోవాలో ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. 2025 మేలో భారత్, పాకిస్తాన్ ఘర్షణ రోజుల్లో అలాంటి గేము వీడియోలే మళ్లీ తిరిగాయి, కేంద్ర ప్రభుత్వ సమాచార విభాగం పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ వాటిని ఎత్తి చూపింది. ఎక్కడో ఉన్నవాడికి అది ఒక వాట్సాప్ వీడియో. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సైన్యంలో కొడుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. కూలిపోతున్న విమానం వీడియో రాత్రి పదకొండింటికి ఆ ఇంటి ఫోనుకి వస్తే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. అలాంటిది వచ్చినప్పుడు చూడాల్సినవి బొహీమియా వాళ్లే చెప్పారు. బొమ్మ మసకగా, వణుకుతూ ఉంటుంది, తరచూ రాత్రి దృశ్యం, శబ్దం ఉండదు, కదిలే మనుషులు కనిపించరు, పొగ, మంటలు ఏదో తేడాగా ఉంటాయి. గమనించండి, మంచి గ్రాఫిక్స్‌ని చెడగొట్టి చూపిస్తేనే అబద్ధం నమ్మేలా తయారవుతుంది.

చివరిగా, ఫలితంలో నిజం. దీనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. బొబ్బిలి యుద్ధాన్ని ఎవరైనా గేముగా తీయాలనుకుంటే? 1757 జనవరి 24. ఒకవైపు విజయనగరం పూసపాటి విజయరామరాజు, ఆయన వెంట ఫిరంగులతో ఫ్రెంచి సేనాని బుస్సీ. మరోవైపు మట్టికోటలో బొబ్బిలి రాజు రంగారావు, ఆయన మనుషులు. కోట నిలవదని తేలాక లోపల ఆడవాళ్లని, పిల్లల్ని తమ చేతులతోనే చంపుకుని, మగవాళ్లు పోరాడి చచ్చిపోయారు. తర్వాత బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడు రాత్రిపూట డేరాలో చొరబడి విజయరామరాజుని చంపాడు.

మామూలు కంపెనీ చేతిలో పడితే ఇది ఎలా తయారవుతుందో చెప్పడం తేలిక. పాపారాయుడు హీరో, చివరి అంకం డేరా, మధ్యలో ఫిరంగుల మోత, రే ట్రేసింగ్‌లో మంటలు. కానీ ఆ పాత కోట ఇప్పుడు లేదు, లోపలి గదులు ఎలా ఉండేవో చూసి గీయడానికి ఏ బొమ్మా లేదు. ప్రతి గోడా, ప్రతి మొహమూ కళాకారుడు ఊహించి గీయాల్సిందే. ఆ ఊహని ఎంత నిజంలా చూపిస్తే, రేపటి పిల్లలకి అదే చరిత్ర అని అంత గట్టిగా ముద్ర పడుతుంది. బుర్రకథ చెప్పేవాళ్లు ఇదే యుద్ధాన్ని తంబురా, రెండు డక్కీలతో నిలబెట్టేవారు. కోట ఎలా ఉందో వినేవాడే కట్టుకునేవాడు. ఎవరూ దాన్ని ఫోటో అనుకోలేదు.

ఇంకో చిక్కు, ఈ కథకి రెండు ఊళ్లున్నాయి. బొబ్బిలిలో చెప్పే తీరు వేరు. విజయనగరంలో ఆ యుద్ధం వద్దని అన్న విజయరామరాజుని వారించిన చెల్లెలు పైడితల్లి, ఆమె పేరు మీదే ఏటా సిరిమాను ఉత్సవం. ఏ ఒక్క సినిమా తెర మీదా ఈ రెంటినీ ఒకేసారి నిజంగా చూపించడం కుదరదు. ఆట మాత్రం చూపించగలదు, ఒకసారి ఇటునుంచి, ఒకసారి అటునుంచి ఆడనిస్తే.

దీనికి దారి వేసిన ఆట ఇప్పటికే ఉంది. పోలండ్‌లో వార్సా కంపెనీ 2014లో చేసిన దిస్ వార్ ఆఫ్ మైన్. సారయెవో ముట్టడి నుంచి పుట్టిన ఆలోచన అది. ఆడేది సైనికుడిగా కాదు, పగలు శిథిలాల్లో దాక్కుని రాత్రి తిండి వెతుక్కునే మామూలు జనంగా. బొమ్మలు బొగ్గుతో గీసినట్టుంటాయి, పక్క నుంచి చూస్తాం, మొహాలు సరిగ్గా కనిపించవు. ముసలి దంపతుల ఇంట్లో మందులు దొంగిలిస్తే మీ మనిషే తర్వాత రోజుల తరబడి కుంగిపోతాడు. 2020లో పోలండ్ ప్రభుత్వం దాన్ని బడిపిల్లలకి సిఫారసు చేసే పుస్తకాల జాబితాలో చేర్చింది.

బొబ్బిలి ఆటలోనూ గెలుపు అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. కోటని నిలబెట్టడం కుదరదు, చరిత్రలో అది పడింది. కానీ ఆ రోజు కోటలోంచి ఒక పసివాడు ప్రాణాలతో బయటపడ్డాడు. రంగారావు కొడుకు చిన రంగారావు, తర్వాత ఆ వంశాన్ని నిలబెట్టినవాడు. ఆ బిడ్డని ఎత్తుకుని బయటికి చేరాల్సిన మనిషిగా ఆటని రాసుకుంటే సరిపోతుంది. పొగలో ఎటు వెళ్లాలి, ఏడుపు బయటికి వినిపించకుండా ఎలా, ఎవర్ని నమ్మాలి, దారిలో ఎవర్ని వదిలేసి రావాలి. ఆఖరికి ఆ బిడ్డని అప్పగించాల్సింది కోట మీదికి వచ్చిన ఫ్రెంచివాళ్ల చేతికే, ఆ నిర్ణయం కూడా ఆటగాడే తీసుకోవాలి. దీనికి చీకటి, శబ్దం, గట్టిగా రాసిన నియమాలు కావాలి. నాలుగేళ్ల కిందటి ఫోనులో కూడా వేడెక్కకుండా నడుస్తుంది.